సూటు కొన్నాను, హుందాతనం మాత్రం రాలేదు

నరసరావుపేట దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి విజయవాడలో ఉద్యోగం చేస్తున్న 28 ఏళ్ళ పాఠకుడొకరు, పేరు ప్రచురించవద్దంటూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. కొన్నేళ్ళు ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేసిన ఆయన, ఈమధ్యే చిన్న పరిశ్రమలకు, ఆసుపత్రులకు అప్పులు ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థలో చేరారు. లెక్కల పుస్తకాల మధ్య కూర్చునే పని పోయి, రోజూ ఆటోనగర్ షెడ్ల యజమానులను, నర్సింగ్ హోముల డాక్టర్లను కలిసే పని వచ్చింది. చేరిన కొత్తలోనే మేనేజరు నలుగురి ముందు, "నువ్వు అప్పు ఇచ్చేవాడిలా లేవయ్యా, అప్పు అడగడానికి వచ్చిన కాలేజీ కుర్రాడిలా ఉన్నావు" అన్నారట. ఆ మాట గుచ్చుకుని, ఆ ఆదివారమే 14,000 రూపాయల నీలం రంగు రెడీమేడ్ సూటు ఒకటి వాయిదాల మీద కొన్నారు. నెలకు 1,500 చొప్పున ఇంకా అయిదు వాయిదాలు మిగిలి ఉన్నాయి.

ఈయన ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, కాస్త పొట్ట కూడా ఉంది. సూటు భుజాలు బయటికి వేలాడుతున్నాయి, చేతులు బొటనవేలి దాకా వస్తున్నాయి, కోటు తొడల మీదికి దిగుతోంది. వేసుకుని వెళ్ళిన మొదటి రోజే ఒక లేత్ షెడ్డు యజమాని "పెళ్ళికి పోతున్నారా బాబూ" అని అడిగారు. గదిలో ఉండే స్నేహితుడు "ఏందిరా ఈ దొర వేషం" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తున్నాడు. బీరువాలో తగ్గింపు అమ్మకాల్లో కొన్న చొక్కాలు ఇరవైకి పైగా ఉన్నా, వాటిలో నాలుగైదే ఒంటి మీదికి వస్తున్నాయి. జీతం 34,000, ఇంటికి 9,000 పంపాలి. చీటీ పాడగా వచ్చిన 15,000 రూపాయలు చేతిలో ఉన్నాయి, దీనికి మించి ఖర్చు పెట్టలేరు. మార్గశిరంలో చెల్లెలి పెళ్ళి. తండ్రి పంచె కట్టుకోమంటున్నారు, మేనమామ సూటు కుట్టిస్తానంటున్నారు. "ఈ డబ్బుతో పెద్దమనిషిలా కనిపించడం నాకు సాధ్యమేనా? కొన్న సూటును ఏం చేయాలి? పెళ్ళిలో ఎవరి మాట వినాలి?" అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మీరు ప్రశ్నగా రాసింది కాదు, మధ్యలో ఎక్కడో మాటవరసకు రాసింది. మీ మేనేజరు ఎప్పుడూ సూటు వేసుకోరని, ఇస్త్రీ చేసిన లేత రంగు చొక్కా, బూడిద రంగు ప్యాంటు, మెరిసే నల్లని తోలు బూట్లతో వస్తారని రాశారు. అంటే ఆయన మీ దగ్గర ఆశించిన రూపం రోజూ మీ ఎదుటి కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆయన మిమ్మల్ని సూటు కొనమనలేదు. ఆ మాట చెప్పిన తీరు, అందులోనూ నలుగురి ముందు చెప్పిన తీరు, సరైంది కాదని నా అభిప్రాయం. అయినా చెప్పిన తీరు బాగోలేదని చెప్పిన విషయాన్ని కూడా పక్కన పెట్టలేం. పొట్టి చేతుల టీ షర్టు, వెలిసిన జీన్సు, క్రీడల బూట్లతో ఆడిటరు గారి ఆఫీసులో పని జరిగిపోయి ఉండవచ్చు, కానీ లక్షల అప్పు విషయం మాట్లాడబోయే మనిషి కాగితాల్లోనే కాక బట్టల్లోనూ శ్రద్ధ గలవాడిలా కనిపించాలని ఎదుటివారు కోరుకోవడం సహజం.

ఆ షెడ్డు యజమాని అన్న మాటను కూడా మీరు అవమానంగా తీసుకున్నారు. నాకు అలా తోచలేదు. గ్రీజు అంటిన చేతులతో పనిచేసే చోటికి, ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో, మెరిసే సూటుతో ఒక మనిషి వస్తే ఆయనకు పెళ్ళే గుర్తుకు వస్తుంది. మన కోస్తా ఊళ్ళలో సూటు పెళ్ళి రిసెప్షన్లకో, ఇంటర్వ్యూలకో, ఆఫీసులో పెద్ద సమావేశాలకో మాత్రమే పరిమితమైన దుస్తు. మీ పనికి కావలసింది ఒంటికి సరిపోయిన చొక్కా, ప్యాంటు, మంచి బూట్లు. ఎప్పుడైనా అవసరపడితే వేసుకోవడానికి ఒకే ఒక్క కోటు. ఆ కోటు మొదట కొనవలసిన వస్తువు కాదు, చివర కొనవలసినది. మీరు చివరి మెట్టు మీద మొదటి అడుగు వేశారు, ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

ఇక డబ్బు సంగతి. పాశ్చాత్య పద్ధతి వస్త్రధారణలో మనకు హుందాగా కనిపించే ప్రతిదీ కొలత నుంచి పుట్టింది, ఖరీదు నుంచి కాదు. లండన్‌లో సావిల్ రో అనే వీధిలో కొలతలిచ్చి ఒక సూటు కుట్టించుకోవాలంటే వేల పౌండ్లు కావాలి; అక్కడ కుట్టించుకోవడం సంపన్నుల విలాసం, రెడీమేడ్ కొనడం సామాన్యుల దారి. మన ఊళ్ళలో ఈ లెక్క తలకిందులుగా ఉంది. మీరే రాశారు: నరసరావుపేటలో మీకు తెలిసిన టైలరు దగ్గర ప్యాంటు కుట్టుకూలి 600, చొక్కాకు 400, ప్యాంటు గుడ్డ ఒక మాదిరిది 900, చొక్కా గుడ్డ 700. అంటే మీ ఒంటి కొలతలకు కుట్టిన ప్యాంటు 1,500 కు వస్తుంటే, మాల్‌లో మీరు చూసిన, మీకు సరిపోని ప్యాంటు ధర 2,200. మీ ఎత్తు, మీ పొట్ట రెడీమేడ్ దుకాణంలో లోపాలుగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ బట్టలు ఎవరో సగటు మనిషి కొలతలకు కత్తిరించి ఉంటాయి. టైలరు బల్ల దగ్గర అవి టేపు మీది రెండు అంకెలు మాత్రమే. తక్కువ జీతంతో హుందాగా కనిపించడానికి మన ప్రాంతంలో మిగిలి ఉన్న ఈ సౌకర్యాన్ని మన కుర్రవాళ్ళు బ్రాండు చీటీల మోజులో వదులుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఈ సౌకర్యంలో చిక్కులు లేవని అనను. టైలరు చెప్పిన రోజుకు ఇవ్వడు. తన చేతికి అలవాటైన కత్తిరింపునే అందరికీ కుడతాడు. కుర్రవాడు వచ్చాడనగానే ప్యాంటు మోకాలి దగ్గర నుంచి పట్టేసినట్టు కుట్టడం ఇప్పటి ఫ్యాషన్ అనుకుంటాడు. అందుచేత అన్ని గుడ్డలూ ఒకేసారి ఇవ్వకండి. మీ దగ్గరున్న నాలుగైదు మంచి చొక్కాల్లో భుజాలు సరిగ్గా కూర్చున్న దాన్ని నమూనాగా తీసుకెళ్ళి, అందులో ఏది బాగుందో, ఏది మార్చాలో చూపించి, ఒక చొక్కా, ఒక ప్యాంటు మాత్రం కుట్టించండి. కుట్టడానికి ముందు నూలు గుడ్డను నీళ్ళలో నానబెట్టి ఆరేయించాలి, లేకపోతే మొదటి ఉతుకుకే చేతులు కురచవుతాయి. ప్యాంటు నడుము వెనక కుట్టులో, కింద మడతలో గుడ్డ ఎక్కువ వదలమని ముందే చెప్పాలి. ఒళ్ళు పెరిగినా తగ్గినా అదే ప్యాంటు మరికొన్నేళ్ళు పనికివస్తుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక టైలర్ల దగ్గర రద్దీ తక్కువ, బట్టల దుకాణాల్లో తగ్గింపులు కూడా అప్పుడే. శ్రావణం వచ్చిందంటే మీ పని అందరి పనుల కిందికి పోతుంది.

చొక్కా విషయంలో చూడవలసినవి కొన్నే. భుజం కుట్టు సరిగ్గా భుజపుటెముక అంచున ఆగాలి, చేతి మీదికి జారకూడదు. మెడ గుండీ పెట్టుకున్నాక ఒక వేలు దూరేంత ఖాళీ చాలు. చేతి పట్టీ మణికట్టు దగ్గర ఆగాలి. టక్ చేసే చొక్కా పొడవు పిరుదులను కప్పేంత ఉండాలి, లేకపోతే బండి మీద నుంచి దిగేసరికి సగం బయటికి వస్తుంది. రెడీమేడ్‌లో ఇప్పుడు వస్తున్నవి చాలావరకు బయటికి వదిలేయడానికి కుట్టిన కురచ చొక్కాలే, వాటిని టక్ చేయాలని చూడటమే వృథా ప్రయాస. ఇంకో చిన్న మాట: పెద్ద ఫోను చొక్కా జేబులో వేసుకుంటే ఎంత మంచి చొక్కా అయినా ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఫోనును సంచిలో పెట్టుకుని, జేబుకు ఒక పెన్ను మాత్రం మిగల్చండి.

ప్యాంటు దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ ఎత్తుకూ పొట్టకూ అసలు పరిష్కారం అక్కడే ఉంది. పొట్ట ఉన్నవారిలో ఎక్కువమంది ప్యాంటును పొట్ట కిందికి దించి కడతారు. దానివల్ల పొట్ట బెల్టు మీదికి వాలి ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి, కూర్చున్నప్పుడు చొక్కా పైకి లేస్తుంది. బొడ్డు మట్టంలో, అంటే అసలు నడుము దగ్గర నిలిచే ప్యాంటు కుట్టించుకుంటే కాళ్ళ పొడవు పెరిగినట్టు ఉంటుంది. ముందు వైపు ఒక్కో కాలికి ఒక ప్లీటు, అంటే నడుము దగ్గర కుట్టే మడత, పెట్టిస్తే కూర్చున్నప్పుడు గుడ్డ బిగుసుకోదు. ప్లీట్లు పాతకాలపువని మీ స్నేహితుడు అంటాడేమో, అననివ్వండి. తొడ దగ్గర వదులుగా మొదలై కిందికి వచ్చేకొద్దీ మెల్లగా సన్నబడాలి. కింది అంచు బూటు మీద తేలికగా ఆనితే చాలు, రెండు మూడు మడతలు పడకూడదు; మీ ఎత్తు మనిషికి ఆ మడతలే మొదటి శత్రువు. మొదటిసారి ట్రయల్ వేసినప్పుడు అద్దం ముందు నిలబడి సంతోషపడి వచ్చేయకండి. కూర్చోండి, వంగి బూటు తాడు కట్టుకోండి, బండి ఎక్కినట్టు కాలు ఎత్తండి. మీ రోజులో ఎక్కువ భాగం గడిచేది ఆ భంగిమల్లోనే.

గుడ్డల ఎంపికలో నా మొగ్గు చొక్కాలకు నూలు వైపు, ప్యాంట్లకు రెండు రకాల పోగులు కలిపి నేసిన గుడ్డ వైపు. విజయవాడ ఉక్కలో పాలిస్టర్ కలిసిన టెర్రీకాట్ చొక్కా చెమటను పీల్చుకోదు, కాలరు చుట్టూ జిడ్డు పట్టేస్తుంది. 40, 60, 80 అంటూ దుకాణంవారు చెప్పే కౌంటులో అంకె పెరిగేకొద్దీ నూలు పోగు సన్నబడుతుంది. 40 కంటే 60 నునుపుగా ఉంటుంది, రోజూ వాడకానికి అంతకు మించి అక్కరలేదు. మీకు పక్కనే ఉన్న మంగళగిరి చేనేత నూలు గుడ్డ కూడా చూడండి. లేత నీలం, గోధుమ రంగుల్లో సాదా గుడ్డతో కుట్టించిన నిండు చేతుల చొక్కా మాల్‌లో అమ్మే ఏ బ్రాండు చొక్కాకూ తీసిపోదు, ఎండకూ హాయిగా ఉంటుంది. అయితే చేమగ్గం గుడ్డ ముడతలు పడుతుంది, పలుచని గంజి కావాలి, ఇస్త్రీ ఎక్కువ కోరుతుంది. ఆ ఓపిక లేని వారాల్లో మిల్లు గుడ్డే నయం. 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే నిండు చేతుల చొక్కాకు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.3 మీటర్లు సరిపోతాయి. 36 అంగుళాల పన్నా అయితే చొక్కాకే రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు పడుతుంది. కనుక మీటరు ధర చూసి చవక అనుకోకుండా పన్నా అడిగి లెక్క కట్టండి.

ప్యాంటుకు పూర్తి నూలు గుడ్డ తీసుకుంటే మధ్యాహ్నానికి మోకాళ్ళ దగ్గర సంచిలా అవుతుంది. పాలిస్టర్, విస్కోస్ పోగులు కలిసిన పాలీ విస్కోస్ గుడ్డ గాలి ఆడటంలో ఉన్నికి సాటి రాదు కానీ, మడత నిలుపుకుంటుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు, మీ 900 రూపాయలకు దొరుకుతుంది. మెరుపు లేనిదాన్ని మాత్రమే ఎంచుకోండి. గుడ్డను దుకాణం దీపాల కింద కాక బయటి వెలుతురులో చూడటానికి మొహమాటపడకండి. అంచు మీద సూపర్ 100 అనో సూపర్ 120 అనో అచ్చు వేసి ఉంటే దానికి లొంగిపోవద్దు. ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్నదో చెప్పడానికి పుట్టింది. ఉన్నే లేని గుడ్డ మీద అది అలంకారం తప్ప మరేమీ కాదు. రంగులు రెండే తీసుకోండి, ఒకటి ముదురు బూడిద, ఒకటి నావీ నీలం. వాటితో తెలుపు, లేత నీలం, సన్నని గీతల చొక్కాల్లో ఏది వేసినా కలుస్తుంది, పొద్దున్నే అద్దం ముందు ఆలోచించే పని ఉండదు.

బూట్లకు మాత్రం చేయి బిగపట్టకండి. మీరు అడిగిన 3,500 రూపాయల నల్లని తాళ్ళ బూట్లు అసలు తోలువైతే, నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. తోలు అవునో కాదో చూడటానికి తాళ్ళ కింద ఉండే బూటు నాలుక అంచునో, బూటు లోపలి వైపునో చూస్తే పీచు కనిపిస్తుంది. కృత్రిమ తోలుకు కింద అల్లిన గుడ్డ ఉంటుంది. ప్లాస్టిక్ పూత వేసిన బూటు కొన్న రోజు తోలు బూటు కంటే బాగా మెరుస్తుంది, తరువాత వంగే చోట పగిలి పొరలు లేస్తుంది, దానికి మందు లేదు. తోలు బూటుకు గీత పడితే క్రీము రాయవచ్చు, మడమ అరిగితే చెప్పులు కుట్టే అతని దగ్గర రబ్బరు వేయించుకోవచ్చు. ముక్కు మరీ సూదిగానూ, మరీ పలకగానూ లేని సాదా ఆకారం తీసుకోండి. వరసగా రోజూ అదే జత వేస్తే చెమట ఆరక తోలు త్వరగా పాడవుతుంది. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇస్తూ, వేసుకోని రోజు పాత వార్తాపత్రిక ఉండ చుట్టి లోపల పెట్టండి. మరి ఆ మధ్య రోజు ఏం వేసుకోవాలంటే, మీ దగ్గర ఉన్నాయన్న పాత నల్ల బూట్లకే కొత్త మడమ వేయించి, పాలిష్ చేయించి చూడండి. వానల్లోనూ అవే వాడండి, కొత్తవాటిని కృష్ణలంక వీధుల వాన నీళ్ళలో ముంచకండి. మేజోళ్ళు పిక్క సగం దాకా వచ్చే ముదురు రంగువి కావాలి. కాలు మీద కాలు వేసుకున్నప్పుడు మేజోడుకూ ప్యాంటుకూ మధ్య కాలు కనిపిస్తే, పైన ఎంత తీర్చి కట్టుకున్నా చూపు అక్కడికే పోతుంది.

పోషణ గురించి రెండు మాటలు. ముదురు ప్యాంట్లను ఇస్త్రీ బండి అతను నేరుగా వేడి పెట్టెతో రుద్దితే మోకాళ్ళ దగ్గర నిగనిగలాడే మరకలు పడతాయి, అవి ఇక పోవు. లోపలి వైపు తిప్పి గానీ, పైన తడి గుడ్డ వేసి గానీ చేయమని చెప్పండి. పలుచని తెల్ల చొక్కా కింద తెల్ల బనియను గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, ఒంటి రంగుకు దగ్గరగా ఉండే బనియను కనిపించదు. ఎంతో ఖర్చు పెట్టిన వాళ్ళు కూడా ఈ రెండు చోట్ల దొరికిపోవడం చూస్తూనే ఉంటాం.

బీరువాలోని ఆ ఇరవై చొక్కాలను ఒక ఆదివారం మంచం మీద పరిచి ఒక్కొక్కటీ వేసుకుని చూడండి. భుజాలు సరిపోయి నడుము మాత్రం వదులైనవాటిని పక్కన పెట్టండి. ఆ వదులు చిన్న ఆల్టరేషన్‌తో పోతుంది, ఒక్కోదానికి వంద లోపే అవుతుందని మీ టైలరు చెప్పినట్టు రాశారు. భుజాలే సరిపోనివాటి మీద పైసా పెట్టకండి. కాలరు అంచు చిరిగి తక్కినదంతా బాగున్న చొక్కా ఉంటే కాలరు తిప్పి కుట్టించవచ్చు. పాత టైలర్లకు ఇది బాగా తెలుసు, కొత్తవాళ్ళకు చెప్పి చేయించాలి. ఈ వడపోతలో ఓ అయిదు చొక్కాలు బతికితే మీరు కొత్తగా కుట్టించవలసినవి మూడు చాలు.

మీ ధరలతోనే లెక్క వేస్తే: రెండు ప్యాంట్లకు 3,000, మూడు చొక్కాలకు 3,300, బూట్లకు 3,500, అయిదు పాత చొక్కాల ఆల్టరేషన్‌కు 500. బూట్ల రంగులోనే తోలు బెల్టు, మేజోళ్ళు, బనియన్లు, పాలిష్ డబ్బా, బ్రష్ కలిపి 1,600 అనుకోండి. మొత్తం 11,900. మిగిలిన 3,100 ను ముట్టకండి. అది పెళ్ళి ఖర్చుకు. ఒకేసారి అంతా కొనేయవచ్చు, అప్పుడు మేనేజరు కంటికి మార్పు వెంటనే కనిపిస్తుంది, కానీ మొదటి ప్యాంటు కొలత తప్పితే రెండోదీ తప్పుతుంది. బూట్లూ, పాత చొక్కాల మరమ్మతూ ముందు చేయించి, ఒక్కో జత కుట్టించుకుంటూ పోతే రెండు నెలలు పడుతుంది, తప్పులు తక్కువవుతాయి. మీ ఉత్తరంలోని ఆత్రుత చూస్తే రెండోదారే మీకు మంచిదనిపిస్తోంది.

ఇప్పుడు ఆ సూటు. దాని భుజాలు వేలాడుతున్నాయని రాశారు కనుక నిజం చెప్పక తప్పదు: కోటు నడుము బిగించవచ్చు, చేతులు కురచ చేయవచ్చు, భుజాలను సరిచేయాలంటే మాత్రం కోటు మొత్తం విప్పి మళ్ళీ కుట్టినంత పని. పొడవు తగ్గిస్తే జేబులు అంచుకు దగ్గరై కోటు మరీ విచిత్రంగా తయారవుతుంది. ఈ సూటు మీద ఇంకో రెండు మూడు వేలు పెట్టి ఆల్టరేషన్ చేయిస్తే ఇప్పటికంటే కొంచెం మెరుగవుతుంది, మీది మాత్రం కాదు. కోటును వదిలేసి ప్యాంటును ఒక్కటే కురచ చేయించి వాడుకోవచ్చు. కానీ మెరుపు గుడ్డ అని మీరే అన్నారు, ఆఫీసుకు అది పనికిరాదు. మూడో దారి, మీ కంటే పొడవైన, భుజాలు విశాలమైన తమ్ముడి వరస వాళ్ళెవరికైనా సగం ధరకు ఇచ్చేయడం. మిగిలిన 7,500 రూపాయల వాయిదాలు మీరు సూటు వేసుకున్నా, బీరువాలో పెట్టినా, అమ్మేసినా కట్టక తప్పదు. అంత డబ్బు పోశాను కాబట్టి వేసుకుని తీరాలన్న ఆలోచన వల్ల ఒక్క వాయిదా కూడా తగ్గదు. వాయిదాలపై వడ్డీ పడుతోందో లేదో కార్డు బిల్లులో చూసుకోండి. పడుతుంటే ఆ 3,100 లో కొంత అటు మళ్ళించడం గురించి ఆలోచించవచ్చు, ముందుగా కట్టేస్తే అదనపు రుసుము ఎంతో అడిగాకే.

గదిలో స్నేహితుడి ఎగతాళిని మేనేజరు మాటతో ఒకే గాటన కట్టకండి. సరిపోని సూటులో మిమ్మల్ని చూసి అతను నవ్వాడు. ఆ నవ్వులో కొంత న్యాయం ఉంది. ఒంటికి అతికిన చొక్కా, ప్యాంటు వేసుకున్నప్పుడు కూడా నవ్వితే అది మీ బట్టల గురించి కాదు, మీ ఉద్యోగం మారినందుకు కావచ్చు, దానికి టైలరు దగ్గర మందు లేదు.

పెళ్ళి విషయంలో తండ్రిగారు, మావయ్య చెప్పే రెండు మాటలూ నిజానికి ఒకదానికొకటి అడ్డం రావు. ముహూర్తం వేళ పెళ్ళికూతురి అన్నగా మీకు పీటల దగ్గర పని ఉంటుంది, వచ్చినవాళ్ళను పలకరించడం, వడ్డనలు చూడటం, సామాన్లు మోయించడం అన్నీ మీ మీదే పడతాయి. ఆ హడావుడిలో జరీ అంచు తెల్ల పంచె, పొడవు చేతుల తెల్ల చొక్కా, కండువా కంటే హుందా అయిన దుస్తు మన పెళ్ళి పందిట్లో లేదు, సూటుతో సహా. అలవాటు లేక జారిపోతుందని భయమైతే లోపల సన్న బెల్టు కట్టుకోండి, పెళ్ళికి ముందు ఇంట్లో నాలుగైదు పూటలు కట్టుకుని తిరగండి. అంగుళాల లెక్క ఇక్కడ కూడా ఉంది: పంచె అంచు పాదాల మీదికి జీరాడితే మీ ఎత్తు ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది, చీలమండ కిందికి ఆగితే చాలు.

మావయ్య పెట్టే బట్టలను కాదనకూడదు. మేనమామ మనసు కష్టపెట్టే పని ఏ పెళ్ళింట్లోనూ మంచిది కాదు. అయితే ఆయన కొనివ్వబోయేది ఏమిటన్నది మీరు కొంత చెప్పుకోవచ్చు. "మావయ్యా, సూటు ఇప్పటికే ఒకటుంది, నువ్వు కోటు గుడ్డ ఇప్పిస్తే నరసరావుపేటలోనే కుట్టించుకుంటాను" అంటే ఆయనకూ చులకన ఉండదు. ఆ గుడ్డతో మామూలు కోటు కుట్టించుకుంటే రిసెప్షన్‌కు, తరువాత ఆఫీసు సమావేశాలకు వస్తుంది, కానీ టై, దానికి తగిన చొక్కా కావాలి. కాలరు మూసిన జోధ్‌పురి కోటు కుట్టించుకుంటే టై అక్కరలేదు, లోపలి చొక్కా ఏదైనా కనిపించదు, నిలువు గుండీల వరస పొట్టి మనిషికి కలిసివస్తుంది. అయితే డాక్టర్ల గదిలోకి అది వేసుకుని వెళితే మళ్ళీ పెళ్ళి గుర్తుకు వస్తుంది. రోజువారీ వాడకం ఆలోచిస్తే మొదటిదీ, పెళ్ళి ఫొటోల వరకూ చూస్తే రెండోదీ మేలు. మామూలు కోటే అనుకుంటే నావీ నీలం, మెరుపు లేని గుడ్డ, రెండు గుండీలు, పిరుదులను సరిగ్గా కప్పి ఆగే పొడవు, చొక్కా పట్టీ అర అంగుళం కనిపించేంత చేతులు చెప్పండి. కింది గుండీ ఎప్పుడూ పెట్టకూడదన్నది నియమం. బ్రిటన్‌ను ఏలిన ఏడవ ఎడ్వర్డ్ రాజు పొట్ట వల్లే అది మొదలైందని ఒక కథ ప్రచారంలో ఉంది, కనుక పొట్ట విషయంలో మీకు గొప్ప తోడే ఉంది.

కోటు కుట్టడానికి ప్యాంటు కుట్టే అందరు టైలర్లూ పనికిరారు. మీ టైలరు కోట్లు తనే కుడతాడో, బయటికి పంపిస్తాడో అడగండి. తను కుట్టినది ఒకటి చూపించమని, దాని భుజాల దగ్గర చేత్తో తడిమి చూడండి. లోపల జిగురుతో అతికించే ఫ్యూజింగ్ పొర వేస్తే ఖర్చు తగ్గుతుంది, చెడ్డ డ్రైక్లీనింగ్‌లో పొంగి బుడగలు లేచే ప్రమాదం ఉంటుంది. జిగురు బదులు దారంతో కుట్టే కాన్వాస్ పొర వేయిస్తే కూలి పెరుగుతుంది, కోటు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ తేడా కూలి వరకు మీ 3,100 లోంచి పెట్టుకోవచ్చు. గుడ్డను దసరా కంటే ముందే ఇచ్చి, కచ్చా కుట్టు మీద ఒక ట్రయల్, దీపావళి లోపు రెండో ట్రయల్ అడగండి. ఆ ట్రయల్‌కు వెళ్ళేటప్పుడు పెళ్ళిలో వేసుకోబోయే చొక్కా, బూట్లు వేసుకునే వెళ్ళండి; కోటు, ప్యాంటు పొడవులు వాటిని బట్టే నిర్ణయమవుతాయి.